రేగడికీ రాణీగంజికీ నడుమ

చెప్పుల విషయంలో మనవాళ్ళకున్న వివేకం టైర్ల విషయంలో లేదని నా గట్టి నమ్మకం. పొలానికి పోయేవాడు కిర్రుచెప్పులు తొడుక్కుంటాడు. పెళ్ళికి పోయేవాడు బూట్లు తుడుచుకుని వేసుకుంటాడు. నాట్లు వేయాల్సి వస్తే రెండూ గట్టున వదిలి వట్టికాళ్ళతో దిగుతాడు. ఏ నేలకు ఏది తగునో కాలికి తెలుసు, ఒకరు చెప్పనక్కర్లేదు. అదే మనిషి ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు కొనుక్కున్నాక టైర్లు మార్చే రోజు వచ్చేసరికి మాత్రం, బండి ఎక్కడ తిరుగుతోందన్నది మరిచిపోయి ఎలా కనపడుతుందన్నదే చూస్తాడు. ఇది పరనింద కాదు, ఆత్మనిందే. మా బండికి ఇప్పటికి రెండుసార్లు టైర్లు మార్చాను. మొదటిసారి భయపడి మార్చాను, రెండోసారి సిగ్గుపడి మార్చాను. ఆ రెంటి నడుమ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మాది సికింద్రాబాదులో కార్ఖానా. పక్కనే తిరుమలగిరిలో సైన్యంవారి ఈఎంఈ కేంద్రం. చిన్నప్పటినుంచి మిలటరీ జీపులను చూస్తూ పెరిగినవాణ్ణి గనక ఎప్పటికైనా జీపు కొనాలన్నది నా కోరిక. 2014లో పాత తరం థార్ కొన్నాను. కోరికకు ఒక సాకు కూడా ఉంది: మా నాన్నగారి పొలం. చేవెళ్ళ మర్రిచెట్ల వరస దాటి, మన్నెగూడ కూడా దాటాక, తారురోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు మట్టిబాటలో పోవాలి. పోనూ రానూ నూటయాభై కిలోమీటర్లు.

ఆ దారిలో నేల మారడం గమనించదగ్గ విషయం. సికింద్రాబాదు గ్రానైటు బండల మీద కూర్చున్న ఊరు. చుట్టూ ఎర్రని చెలక నేలలు. వాన కురిసిన గంటకే ఆరిపోతాయి, ఎలాంటి టైరునైనా క్షమిస్తాయి. పడమరకు పోయేకొద్దీ దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా గడ్డకట్టిన రాయి మొదలవుతుంది. అది శిథిలమైతే ఏర్పడిందే నల్లరేగడి. ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలు విచ్చే ఆ నేల, నాలుగు చినుకులు పడగానే నీరు పీల్చి ఉబ్బి జిగురు ముద్దవుతుంది. చెప్పుకు అంటుకుంటే చెప్పే ఊడివస్తుంది. టైరుకు అంటుకుంటే గాడులన్నీ పూడిపోయి, ఎంత ఖరీదైన టైరైనా నున్నని నల్లగుండులా తయారవుతుంది.

2018 ఆగస్టులో ఒక సాయంత్రం. నాన్నగారు మధ్యాహ్నంనుంచి ఛాతీ బరువుగా ఉందంటున్నారు. బండి ఎక్కించుకుని బయలుదేరాను. బాట మధ్యలో దిగబడిపోయాం. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగింది. నాలుగు చక్రాలకూ శక్తి అందే గేరు వేశాను, అప్పటికే ఇరుసు నేలకు ఆనింది. పక్క పొలం రైతు ట్రాక్టరు తెచ్చి లాగేసరికి గంటన్నర గడిచింది. ఆసుపత్రికి చేరాక అది గుండెపోటు కాదని తేలింది. కానీ ఆ గంటన్నర నాకు ఈనాటికీ మరపురాదు. పెదవి విప్పకుండా ముందు సీట్లో కూర్చున్న నాన్నగారు, అద్దం మీద వాన, వెనక చక్రాల కింద వృథాగా తిరుగుతున్న బురద.

ఆ గంటన్నర సేపూ నేను తిట్టుకున్నది టైర్లనే. వారం తిరక్కుండా రాణీగంజికి పోయి బురద టైర్లు వేయించాను. మడ్ టెర్రెయిన్ అనీ, పొట్టిగా ఎంటీ అనీ అంటారు. పెద్దపెద్ద రబ్బరు దిమ్మెలు, వాటి మధ్య వేలు పట్టేంత ఖాళీలు. బండికి కొత్త పౌరుషం వచ్చింది. కూడళ్ళలో కుర్రాళ్ళు తలతిప్పి చూసేవారు. నాకు ఆ చూపులు బాగానే ఉండేవని ఒప్పుకోవాలి.

ఆ ఆనందం మీద మొదటి దెబ్బ ఊళ్ళోనే పడింది. మరుసటి ఎండాకాలం బాట పక్కన ఆ రైతే ఆపాడు. "సారూ, వానల మీ బండి దున్నిపోయింది గదా, ఆ గాడులు ఎండి రాయి లెక్కైనయ్. మా ఎడ్లబండి ఎట్ల పోవాలె?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. బురదలో చిక్కుకోకుండా పోగలిగినందుకు మురిసిపోయానే గాని, నేను పోయినచోట ఏం మిగులుతోందో చూడలేదు. తడి రేగడిలో బురద టైరు చేసేది నాగలి పనే. నాగలితో దున్నినచోట పైరైనా వస్తుంది.

రెండో దెబ్బ సికింద్రాబాదులో. 2022 జూన్, తొలకరి. మూడునెలల ఎండకు తారు మీద పేరుకున్న నూనే దుమ్మూ మొదటి వానకు నానితే రోడ్డు సబ్బు రాసినట్టుంటుంది. నేను మహా అయితే నలభై వేగంలో ఉన్నాను. ముందు స్కూటరు మీద ఒకావిడ, వెనక సీట్లో యూనిఫారం వేసుకున్న పాప. స్కూటరు ఆగింది. నేనూ బ్రేకు వేశాను. మా బండికి ఏబీఎస్ లేదు. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. బంపరు స్కూటరు నంబరు పలకను తాకి ఆగింది. తాకింది, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ వెనక్కి తిరిగి మొదట పాపను చూసుకుని, తర్వాత నా వంక చూసి, "అంత పెద్ద టైర్లు పెట్టుకుని ఆపలేరా అండీ?" అంది.

ఆవిడ అన్నది లోకమంతా అనుకునేదే. పెద్ద గళ్ళ టైరు కదా, బాగా పట్టుకుంటుందని. నిజం దానికి సరిగ్గా ఎదురు. తడిసిన తారు మీద పట్టు దిమ్మెల ఎత్తునుబట్టి రాదు. నేలను ఎంత రబ్బరు తాకుతోంది, దిమ్మెల మీద సన్నని చీలికలు ఎన్ని ఉన్నాయి, రబ్బరు ఎంత మెత్తన అన్నవాటినిబట్టి వస్తుంది. ఆ సన్నని చీలికలు నీటి పొరను తెగ్గొట్టి రబ్బరును తారుకు చేరుస్తాయి. బురద టైరులో సగానికి సగం ఖాళీయే. ఆ ఖాళీ బురదను బయటికి విసరడానికి ఉద్దేశించింది. తారు మీద విసరడానికి బురద లేదు, పట్టుకోవడానికి చాలినంత రబ్బరూ లేదు. టన్నున్నర దాటిన బండి నేలను తాకేది నాలుగు అరచేతులంత మేర. అందులోనే సగం వదులుకున్నవాణ్ణి నేను.

ఆ రాత్రి పెట్రోలు బంకు లెక్కలు రాసే పాత డైరీ తీశాను. 2019లో మా బండి తిరిగింది 9,600 కిలోమీటర్లు. పొలానికి పోయింది 36 సార్లు. ప్రతిసారీ మట్టిబాట పోనూ రానూ ఎనిమిది కిలోమీటర్లు. అంటే 288. నూటికి మూడు! ఆ మూడులోనూ నేల నిజంగా తడిసివున్న రోజులు పదికి మించవు. ఆ పదిరోజుల కోసం ఏడాదంతా ఊళ్ళో బురద టైర్ల మీద తిరిగాను.

నూటికి మూడే కదా అని రహదారి టైర్లు వేసుకుంటే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. అవసరం వచ్చిన రోజున ఆ మూడే నూరవుతుంది, మీ నాన్నగారి సంగతి అప్పుడే మరిచారా అనీ అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దీన్ని గురించి చాలాకాలం ఆలోచించాను. నాకు తోచిన సమాధానం ఇది: రెండుచోట్లా పట్టు తప్పడం ఒకటి కాదు. బురదలో పట్టు తప్పితే ఆగిపోయేది నేను. తారు మీద పట్టు తప్పితే ఆగిపోయేది ఎదుటివాడి ఊపిరి. మొదటిదానికి ట్రాక్టరు ఉంది, తాడు ఉంది, ముందుచూపు ఉంది. రెండోదానికి ఏదీ లేదు. కాబట్టి టైరు ఎంపిక యజమాని అభిరుచి మాత్రమే కాదు. డబ్బు మనదే కావచ్చు, ఆ టైరు మీద ఆధారపడిన ప్రాణం మాత్రం మనకు పేరు కూడా తెలియని మనిషిది. 2022లో కేంద్రప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి తడినేల మీద టైరు పట్టుకు కూడా ప్రమాణాలు పెట్టింది. అంటే ఇది సొంత వ్యవహారం కాదని చట్టం కూడా ఒప్పుకున్నట్టే.

ఇక నాన్నగారి సంగతి. ఆ సాయంత్రాన్ని నిదానంగా నెమరువేసుకుంటే తప్పు టైర్లలో సగమే కనిపించింది, మిగతా సగం నాది. నాలుగేళ్ళు వాడి అరగదీసిన టైర్లు. రహదారికి తగ్గట్టు నిండుగా కొట్టించిన గాలి. ఫోర్‌వీల్ గేరు దిగబడకముందు వేయాల్సింది దిగబడ్డాక వేయడం. దిగబడ్డాక ఆగి ఆలోచించాల్సింది, యాక్సిలరేటర్ తొక్కి గొయ్యి తవ్వుకోవడం.

కర్ణుడి రథచక్రం నేలలో కుంగిందంటే మనం శాపాల లెక్క తీస్తాం. ఆ రణరంగం నేల ఎలాంటిదో, ఆ చక్రం వెడల్పెంతో ఎవరూ అడగరు. నేనూ అంతే, నా అజ్ఞానాన్ని టైరు నెత్తిన రుద్ది రాణీగంజిలో ప్రాయశ్చిత్తం చెల్లించాను.

రైతు అలా చేయడు. రేగడిలో పదును వచ్చేదాకా నాగలి కట్టడు. తడిసి ముద్దయిన నేలలోకి ఎడ్లను దింపడు. వరపు ఇచ్చేదాకా ఆగుతాడు. అది చేతకానితనం కాదు, నేలతో తరతరాల పరిచయం. ఫోర్‌వీల్ డ్రైవ్ కొన్న పట్నంవాడికి ఎక్కడికైనా, ఎప్పుడైనా పోగలనన్న భ్రమ కలుగుతుంది. ఆ భ్రమ మీదే టైరు కొట్టువాడి బేరం నడుస్తుంది.

ఇంతకీ రెండోసారి ఏం చేశానో చెబుతాను. రహదారి టైరుకూ బురద టైరుకూ నడుమ ఆల్ టెర్రెయిన్ అనే మూడో రకం ఉంది. ఏటీ అంటారు. నేను ముద్దుగా ఉభయచరం అంటాను. తడితారు మీద ఇది రహదారి టైరంత బాగుండదు, తడి రేగడిలో బురద టైరంత బాగుండదు. అయినా మా బాటలో ఎక్కువ రోజులు కనిపించేది మొరం, పలుగురాళ్ళు, సర్కారుతుమ్మ ముళ్ళు. వాటికి కాస్త దళసరి తొడుగు, గట్టి పక్కగోడ ఉంటే చాలు. అందుకే ఉభయచరాన్నే ఎంచుకున్నాను. వాటిలోనూ బురద టైర్లా కనిపించాలని తాపత్రయపడే రకాలున్నాయి. వాటిని వదిలి దిమ్మెలు దగ్గరదగ్గరగా, సన్నచీలికలు నిండుగా ఉన్నదాన్ని తీసుకున్నాను.

కొలత దగ్గర పెద్ద వాదనే నడిచింది. మా బండికి కంపెనీ ఇచ్చిన కొలత 235/70 ఆర్ 16. అంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 70 వంతులు, లోపలి చక్రం 16 అంగుళాలు. కొట్లో కుర్రాడు, "245/75 వేసుకోండి సార్, లుక్కొస్తది" అన్నాడు. ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. మా పాత టైరు వ్యాసం సుమారు 735 మిల్లీమీటర్లు, అతను చెప్పినది 774. అయిదు శాతం పెద్దది. స్పీడోమీటరు అరవై చూపిస్తుంటే బండి అరవైమూడులో పోతూంటుంది. అదే బ్రేకు మరింత పెద్ద, మరింత బరువైన చక్రాన్ని ఆపాలి. గేర్లు బరువెక్కుతాయి, డీజిలు ఎక్కువ తాగుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. బీమా చిక్కులు సరేసరి. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన జీపు టైరు వెడల్పు కేవలం ఆరు అంగుళాలన్నది ఇక్కడ తలచుకోదగ్గ సంగతి. అడుగున గట్టినేల ఉన్న బురదలో సన్నటైరు పైపొరను కోసుకుని దిగి ఆ గట్టినేలను అందుకుంటుంది. వెడల్పయినది పైన తేలి జారుతుంది. ఇసుకలో దీనికి తారుమారు. మనకు ఇక్కడ ఇసుక ఎడారులు లేవు. కంపెనీ కొలతే ఖాయం చేశాను.

తర్వాత చూడవలసింది టైరు పక్కన రాసివుండే అంకెలు. కొలత పక్కన 105 ఎస్ లాంటి గుర్తు ఉంటుంది. 105 అంటే ఆ టైరు 925 కిలోల బరువు మోయగలదని, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. కంపెనీ చెప్పినదానికంటే తక్కువ గుర్తు ఉన్నది తీసుకోకూడదు. ఇంకోచోట డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 1422 అని ఉంటే 2022లో పధ్నాలుగో వారంలో తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది, గట్టిపడుతుంది. మన ఎండలకు మరీను. చవగ్గా వస్తోందని మూడేళ్ళనాటి సరుకు అంటగట్టబోతే వద్దనండి. ఈ నాలుగంకెలు చదవడం రాకనే చాలామంది మోసపోతున్నారు.

కొనేటప్పుడు నాలుగు కాదు, అయిదు కొనాలి. మా బండిలాంటివాటిలో ఫోర్‌వీల్ గేరు వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానితో ఒకటి బిగిసిపోతాయి. నాలుగు టైర్లూ ఒకే కొలతలో, ఇంచుమించు ఒకే అరుగుదలలో లేకపోతే ఆ తేడా అంతా గేర్లమీద పడుతుంది. పొడి తారు మీద ఆ గేరు వేయకూడదన్నదీ ఇందుకే. స్టెప్నీని కూడా వరసలో కలిపి ఎనిమిది పదివేల కిలోమీటర్లకోసారి మార్చుకుంటూ పోతే అయిదూ ఒకేసారి అరుగుతాయి. అన్నట్టు, స్టెప్నీ అన్న మాట వేల్స్ దేశంలో లానెల్లి అనే ఊళ్ళోని ఒక వీధి పేరు. 1904లో ఆ వీధిలో అదనపు చక్రాలు చేసి అమ్మిన కంపెనీనుంచి మనదాకా వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు మరిచిపోయినా మన పంచరు కొట్లలో పదిలంగా ఉంది. ఈమధ్య స్టెప్నీ లేకుండానే బండ్లు వస్తున్నాయి. 2020లో నియమాలు సవరించి, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటూ మరమ్మతు సరంజామా ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు ఆ వెసులుబాటు ఇచ్చారు. పట్నంలో సరేగాని, పలుగురాయి పక్కగోడను కోస్తే ఏ జిగురూ అతకదు. మట్టిబాట పట్టేవారు స్టెప్నీని వదులుకోకూడదు.

అన్నిటికన్నా చవకైన ఉపాయం గాలి. మెత్తని నేలలోకి దిగేముందు ముప్ఫై పీఎస్ఐ ఉన్న గాలిని ఇరవైకి తగ్గిస్తే టైరు పొడవునా పరుచుకుని బరువును పంచుతుంది. మెల్లగా పోవాలి, తారెక్కే ముందు మళ్ళీ నింపుకోవాలి. బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి కొన్నాను. ఆ ఆగస్టు సాయంత్రం ఈ పంపూ ఈ తెలివీ ఉండివుంటే, ఆ అరిగిన టైర్లతోనే సగం దూరమైనా పోయేవాళ్ళం. అరగడం అన్నానుగా, దానికీ ఒక హద్దుంది. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న మెట్లు కనిపిస్తాయి. రబ్బరు అరిగి ఆ మెట్లకు సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందని అర్థం. చట్టం ప్రకారం ఇక ఆ టైరు పనికిరాదు. వానాకాలం ముందు నేనైతే అంతదాకా ఆగను.

వీటన్నిటి తర్వాత కూడా తడి రేగడి తడి రేగడే. అందుకని జూలైనుంచి సెప్టెంబరు దాకా నాన్నగారిని పొలంలో కాకుండా ఊళ్ళో, తారురోడ్డు పక్కనున్న ఇంట్లో పడుకోమని బతిమాలి ఒప్పించాను. నిజానికి 2018లో నేను వెతకాల్సిన పరిష్కారం ఇదే. అది రాణీగంజిలో దొరికేది కాదు.

మొన్నటి వానాకాలంలో ఒకరోజు బాట మొదట్లో బండి ఆపి మడమతో నేలను నొక్కి చూశాను. మడమ దిగింది. బండి అక్కడే వేపచెట్టు కింద పెట్టి, చెప్పులు చేత పట్టుకుని నాలుగు కిలోమీటర్లూ నడిచాను. పక్క పొలం రైతు గట్టుమీదనుంచి చూసి, "బండి ఖరాబైందా సారూ?" అని అడిగాడు. "లేదు, బాట ఖరాబైతదని" అన్నాను. ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. ఇందులో వింతేముందన్నట్టు తలూపి తన పనిలో తాను పడ్డాడు.